మూతి విప్పని టిక్కీ

ఏటుకూరు రోడ్డులో కోల్డు స్టోరేజీ, మేడ మీద గది.
కిటికీ ఎంత బిగించినా ఘాటు లోపలికొస్తుంది,
తుమ్ముతూనే టైపు చేస్తాను.
మార్చి. గుంటూరులో దేనికీ తీరిక లేని నెల.

తెర మీద నా పట్టిక:
నాలుగొందల పన్నెండు వరసలు, వరసకో లాటు.
రైతు పేరు ఒక నిలువు, ఊరు ఒక నిలువు,
తేజానో, మూడు నలభై ఒకటో, అదొక నిలువు.
వీటితో పేచీ లేదు, గడికి ఒకటే మాట.
పేచీ అంతా తేమతోనే.
ఒక లాటుకి మూడు రీడింగులు, ఇంకోదానికి తొమ్మిది,
లారీడు సరుకు దింపినాయనకి పద్నాలుగు.
పొడుగులు కలవని వాటిని ఒకే నిలువులో ఇమడ్చాలంటే
గడికో సంచి కుట్టాలి.
కుట్టాను. అప్పుడది తెలివనుకున్నాను.

సాయంత్రం ఐదింటికల్లా సగటు కావాలన్నారు పార్వతీశం గారు.
మూడో వరస, తేమ నిలువు,
గుండ్రటి బ్రాకెట్లతో అడిగాను.
ఒక వరస, ఒక నిలువు ఉన్న బుల్లి పట్టిక చేతిలో పెట్టింది,
అడ్రసు అడిగితే వీధి మ్యాపు ఇచ్చినట్టు.
మీసాల బ్రాకెట్లతో అడిగాను.
ఈసారి సంచి ఇచ్చింది, మూతి కుట్టిన సంచి.
దానికి సగటు కట్టమంటే
ఎర్రటి అక్షరాలతో కసిరింది.

టీ పట్టుకొచ్చిన నాగుల్ మీరా
నా భుజం మీదుగా తొంగి చూశాడు.
ముప్పై ఏళ్లుగా టిక్కీలు మోసిన భుజం అతనిది.
"ఏందమ్మా, లారీ తలుపు తీస్తే కాయ చేతికొస్తుందా?
టిక్కీకి కూడా గాటెయ్యాల."

మీసాల పక్కనే మళ్లీ మీసాలు పెట్టాను.
పది పాయింట్ ఎనిమిది. పదకొండు. పది పాయింట్ ఆరు.
గలగలమని రాలాయి, తొడిమలతో సహా.

ఇక ఒక్కో సంచీ కోసుకుంటూ పొమ్మన్నాను.
రెండొందల పదహారు దాకా బానే పోయింది.
రెండొందల పదిహేడులో సంచి ఉంది, సంచిలో ఏమీ లేదు.
ఏమీ లేనిదానికి సగటు: సంఖ్య కాదు.
ఆ ఒక్కటీ కలిసేసరికి
మొత్తం గోడౌను సగటూ: సంఖ్య కాదు.

దాసరి యలమంద, ఈపూరు, తేజ, పన్నెండు టిక్కీలు.

"ఖాళీలు వదిలేసి కట్టే మాట ఒకటుందిగా, అది తగిలించు,"
ఫోన్లోంచి తల ఎత్తలేదు పార్వతీశం గారు.
ఉంది. ఒక్క మాటే.
తగిలించాను. పది పాయింట్ తొమ్మిది వచ్చింది.
సుబ్బరంగా ఉంది, ఎవరూ అడగరు.

కానీ ఆ రోజు మిషను బ్యాటరీ అయిపోతే
రేపు చూద్దాంలే అన్నది నేను.
పక్క నిలువులో ఎవరో కంటిచూపుతోనే రాసేశారు:
రెండో రకం.

శాలువా కప్పుకుని నాలుగో చాంబరుకి దిగాను.
నాగుల్ టార్చి పళ్లతో పట్టుకుని
పేరు చీటీ వెతికాడు, చువ్వతో గుచ్చాడు.
చలికి బిగిసిన కాయలు, విరిస్తే చిటుక్కుమన్నాయి.
కాయితం మర్చిపోయాను, మణికట్టు మీద రాసుకున్నాను:
పది రెండు, పది నాలుగు, తొమ్మిది తొమ్మిది,
పది ఒకటి, పది మూడు.

మేడెక్కి మళ్లీ అదే వరస.
ఈసారి మీసాలు సమానం గుర్తుకి ఎడమ పక్కన.
సంచిలోంచి తియ్యడానికి కాదు,
సంచిలో వెయ్యడానికి.

సగటు కదల్లేదు. అదే పది పాయింట్ తొమ్మిది.
నాలుగొందల పన్నెండులో ఒకటి, ఎంతని కదులుతుంది?
రకం గడి దిద్దే అధికారం నాకు లేదు.
కన్ను దురదపెడితే, ఆలోచించకుండా
అదే వేలితో రుద్దుకున్నాను.

ఒక కన్ను మూసుకుని, కారుతున్న కంటితోనే
చిట్టచివరి నిలువు చూశాను: ఫోను నంబరు.
ఆ గడిలో సంచి లేదు.
పది అంకెలు, ఉన్నవి ఉన్నట్టుగా.

మోగుతోంది.